పన్నెండు పాటలకు ఒకటే పేరు

"పని చెడితే నోరు విప్పుతుంది. పని అయితే మాత్రం అయిందని ఒక్క ముక్క అనదు. ఇలాంటిదాన్ని ఎలా నమ్మమంటారమ్మా?" అని ఒక సోమవారం ఉదయం తాతారావు వరహాలమ్మ గారిని అడిగాడు.

అతను అడిగింది కంప్యూటరు గురించి. ఎదురుగా నల్లటి తెర, దాని మీద ఓ మూల మినుకుమంటున్న తెల్లటి గీత. అంతకు ముందే అతను ఒక ఫైలును ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపమని కమాండు కొట్టాడు. తెర మీద ఏమీ రాలేదు. గీత మాత్రం కింది వరసలోకి దిగి మళ్ళీ మినుకుమంది. ఫైలు వెళ్ళిందో, దారిలో ఎక్కడైనా పడిపోయిందో దాని వాలకం చూస్తే తెలియదు.

తాతారావుకు అది అంత కష్టంగా తోచడానికి కారణం ఉంది. అతను ఎనిమిదేళ్ళు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళినవాడు. పడవ మీద ముందున్నవాడు కేక వేస్తే వెనకున్నవాడు 'ఓ' అనాలట. అనకపోతే మనిషి నీళ్ళలో పడ్డాడేమోనని అందరూ వెనక్కి తిరిగి చూస్తారట. వరహాలమ్మ గారు ఈ మాట శ్రద్ధగా విని తల ఊపి, "చూద్దాం" అన్నారు.

ఆమె 'చూద్దాం' అంటే ఆ ప్రశ్న తీసి పక్కన పెట్టారని కాదు. ఆమె అలవాటే అంత. అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. ఆ జవాబు ఒకసారి గంటలో వచ్చేది, ఒకసారి నెలకు వచ్చేది, వచ్చినప్పుడు కూడా మాటల రూపంలో వస్తుందన్న భరోసా లేదు.

ఇదంతా జరిగింది మా గట్టు రేడియోలో. దానికి కాగితాల మీద పొడుగాటి పేరొకటి ఉంది గాని, సముద్రపు గట్టు మీద తుపాను షెల్టరు పై అంతస్తులో ఉంటుంది కనక అందరూ గట్టు రేడియో అనే అంటారు. చుట్టూ ఉన్న ఏడు పల్లెలకు మించి వినపడదు. పొద్దున గాలి ఎటు వీస్తోంది, కెరటం ఎంత ఎత్తున ఉంది, వేటకు పోవచ్చా మానాలా అన్నవి చెబుతారు. సాయంత్రం పెద్దవాళ్ళ కబుర్లు, పాటలు వేస్తారు. అక్కడ ఉన్న మూడు కంప్యూటర్లూ ఎవరో వాడి వదిలేస్తే విరాళంగా వచ్చినవి. వాటిలో అంతకు ముందున్నదేదో తీసేసి వరహాలమ్మ గారు లినక్స్ అనే, కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు ఎక్కించారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి లోపల ఎలా ఉందో చూసుకోవచ్చు, మార్చి ఇంకొకరికి ఇవ్వచ్చు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. పైగా ముసలి యంత్రాల మీద కూడా రొప్పకుండా నడుస్తుంది.

వరహాలమ్మ గారు ఒక పాలిటెక్నిక్ ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయి మా ఊళ్ళో స్థిరపడ్డారు. వారానికి మూడు రోజులు రేడియో మనుషులు ఐదుగురికి పాఠం చెప్పేవారు. ఆ ఐదుగురిలో నేనొకణ్ణి. పోస్టాఫీసులో పనిచేసి వచ్చినవాణ్ణి కనక వయసులో అందరికన్నా పెద్ద, పాఠంలో అందరికన్నా వెనక. అందరూ నన్ను పోస్టు బాబాయి అనేవారు.

మొదటి రోజునే ఆమె మౌసులన్నీ ఏరి బీరువాలో పెట్టించారు. రెండు వారాల పాటు మాకు మూడే మూడు కమాండ్లు. పీడబ్ల్యూడీ అని కొడితే ఇప్పుడు మనం ఏ ఫోల్డరులో ఉన్నామో చెబుతుంది. ఎల్‌ఎస్ అని కొడితే ఆ ఫోల్డరులో ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. సీడీ అని కొట్టి ఒక ఫోల్డరు పేరు రాస్తే అందులోకి తీసుకెళుతుంది. పీడబ్ల్యూడీ అనగానే రోడ్లు వేసేవాళ్ళు ఇక్కడికి కూడా వచ్చేశారా అని నేను అడిగాను. వచ్చినా రోడ్డు వెయ్యరు, నువ్వు ఏ రోడ్డు మీద ఉన్నావో చెప్పి ఊరుకుంటారు అన్నారు వరహాలమ్మ గారు. తరవాత ఒకరోజు 'సుడో' అన్న మాట బోర్డు మీద రాస్తే తాతారావు ముఖం వెలిగిపోయింది, సూడు అంటే మన బాసే కదమ్మా అని. కాదని, యంత్రానికి యజమాని హోదాలో ఆజ్ఞ ఇవ్వడానికి ముందు పెట్టే మాట అదని, దాన్ని ఇప్పుడప్పుడే ముట్టుకోవద్దని ఆమె చెప్పవలసి వచ్చింది.

మూడో వారంలో కొత్త ఫోల్డరు చెయ్యడం, నకలు తియ్యడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం నేర్పారు. వీటిలో ఏది చెయ్యబోయినా ముందు పీడబ్ల్యూడీ కొట్టాలి, తరవాత ఎల్‌ఎస్ కొట్టాలి, పని అయ్యాక మళ్ళీ ఎల్‌ఎస్ కొట్టాలి. ఆమె చూస్తున్నప్పుడు మేము అలాగే కొట్టేవాళ్ళం. చూడనప్పుడు ఆ మూడూ ఎగ్గొట్టి అసలు పనికి దిగిపోయేవాళ్ళం.

తాతారావుకు ఆ రోజుల్లో ముప్పై నాలుగేళ్ళుంటాయి. వల లాగే తాడు చుట్టుకుని ఎడమ భుజం దెబ్బతినడంతో వేట మానుకున్నాడు. గొంతు మంచిది. పొద్దున గాలివార్త అతను చదివితేనే పడవలు కదులుతాయని మా ఊళ్ళో అనుకునేవారు. అతనికి చదవడంతో సరిపెట్టుకోవాలని లేదు, రేడియో మొత్తం తన చేత్తో నడపాలని ఉండేది.

ఆ వారం అతని చేతిలో ఒక పెద్ద పని పడింది. మా పక్క పల్లెలో ఎర్రమ్మ అని ఉంది. డెబ్బయ్యేళ్ళు దాటాయి. పెళ్ళిలో పసుపు దంచే పాట, ఇసక మీద చేపలు ఎండబెట్టేటప్పటి పాట, పిల్లల్ని నిద్రపుచ్చే పాట, ఇలా ఆమెకు చాలా వచ్చు. వాటన్నిటిలోకి విలువైనది చేపల పాట. నలభై మూడు చేపల పేర్లు, ఏది ఏ నెలలో ఎక్కడ దొరుకుతుందో దానితో సహా, ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి. ఆమెకు అత్త నేర్పింది. ఇప్పుడు ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్ళు ఈ తీరాన ఇంకెవరూ లేరు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో తాతారావు చిన్న రికార్డరు పట్టుకుని ఆమె ఇంటికి తిరిగి, బతిమాలి, పన్నెండు పాటలు పాడించుకున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆ పన్నెండూ వరసగా వేస్తామని వారం రోజులుగా రేడియోలో చెబుతూనే ఉన్నాడు.

మంగళవారం పొద్దున్నే వచ్చి అతను ఆ పాటల్ని సర్దడం మొదలుపెట్టాడు. మేము పదింటికి వెళ్ళేసరికి టీ తాగుతూ ఉత్సాహంగా ఉన్నాడు. 'పాటలు' అని ఒక కొత్త ఫోల్డరు చేశాననీ, పన్నెండింటినీ ఒక్కొక్కటే అందులోకి పంపేశాననీ, పన్నెండుసార్లూ యంత్రం కిక్కురుమనలేదనీ చెప్పాడు. "మీరు చూద్దాం అన్నారు కదమ్మా. ఇది మాట్టాడలేదంటే పనైపోయినట్టేనని నాకు నేనే తేల్చుకున్నాను" అన్నాడు వరహాలమ్మ గారితో. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నారు. ఆ ఫోల్డరులోకి ఒకసారి వెళ్ళమన్నారు.

అతను సీడీ కొట్టి పాటలు అని రాశాడు. అప్పుడు యంత్రం మాట్లాడింది. పాటలు అనేది ఫోల్డరు కాదంది.

ఎల్‌ఎస్ కొట్టించారు. పన్నెండు పేర్లు ఉండవలసిన చోట ఒకటే పేరు ఉంది. పాటలు. అది ఫోల్డరు కాదు, ఒక ఫైలు. దాన్ని వినిపిస్తే ఎర్రమ్మ గొంతులో జోలపాట వచ్చింది. పన్నెండో పాట అది. మిగతా పదకొండూ లేవు. జోలపాట ఆసాంతం మోగింది. ఆ గదిలో ఒక్కరి రెప్పా వాలలేదు.

ఏం జరిగిందో వరహాలమ్మ గారు రెండు నిమిషాల్లో తేల్చారు. తాతారావు కొత్త ఫోల్డరు చేసినమాట నిజమే. అయితే చేసింది తెర తెరవగానే ఉండే మొదటి చోట. తరవాత సీడీ కొట్టి రికార్డింగులున్న చోటికి వెళ్ళాడు. అక్కడ ఆ పేరుతో ఫోల్డరు లేదు. ఉందనుకుని మొదటి పాటను 'పాటలు'కు మార్చమన్నాడు. మార్చమనే కమాండుకు రెండు పనులున్నాయి. ఆ పేరుతో ఫోల్డరు ఉంటే ఫైలును అందులో పెడుతుంది. లేకపోతే ఆ ఫైలుకే ఆ పేరు పెడుతుంది. కాబట్టి మొదటి పాట పేరు పాటలు అయింది. రెండో పాటకు కూడా అదే పేరు పెట్టమన్నాడు గనక, అది వచ్చి మొదటిదాని స్థానంలో కూర్చుంది, మొదటిది పోయింది. మూడోది వచ్చి రెండోదాన్ని తోసేసింది. ఇలా పదకొండుసార్లు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది కనక అది ఏమీ అనలేదు.

రికార్డరులో ఉంటాయేమో చూడమని నేనన్నాను. మధ్యాహ్నం పంచాయతీలో ఏదో సమావేశం రికార్డు చెయ్యాలని తాతారావు పొద్దున్నే దాన్ని ఖాళీ చేసేశాడు. పోయినవాటిని వెనక్కి తెచ్చే దారి ఏదైనా ఉందేమోనని వరహాలమ్మ గారు గంటన్నర సేపు ఏవేవో కొట్టి చూశారు. రెండు ముక్కలు దొరికాయి, వాటిలో గరగర శబ్దం తప్ప ఏమీ లేదు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

తాతారావు టీ గ్లాసు కింద పెట్టాడు. ఎర్రమ్మ గురువారం పొద్దున బస్సుకు ఒడిశాలోని పారాదీప్ వెళ్ళిపోతోందని మెల్లగా చెప్పాడు. మనవరాలి పురుడు. తిరిగి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. ఇంక కీబోర్డు ముట్టుకోననీ, గాలివార్త చదువుకుంటూ బతుకుతాననీ అన్నాడు. మాతో నేర్చుకునే దమయంతి, అంగన్‌వాడీలో పనిచేస్తుంది, మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పింది. కంప్యూటరు పాడయిందని ఆమెతో అంటే సరిపోతుంది, ముసలామెకు ఇవన్నీ ఏం తెలుస్తాయి అని.

"కంప్యూటరు బాగానే ఉంది" అన్నారు వరహాలమ్మ గారు. ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కాని ఆ తరవాత ఎవరూ ఆ ఉపాయం ఊసెత్తలేదు. తాతారావు లేచి చెప్పులు వేసుకున్నాడు. అతనితో వెళ్ళమని ఆమె నాకు సైగ చేశారు.

ఎర్రమ్మ వాకిట్లో పాత చీర పరిచి, పారాదీప్ తీసుకెళ్ళడానికి ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. తాతారావు ఆమె ముందు గొంతుక్కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోల్డరు, ఫైలు అని మొదలుపెట్టి, ఆమెకు అర్థం కాదని తోచి, మధ్యలో మానేసి, "నీ పాటలు నా చేత్తో నేనే పోగొట్టేశాను పెద్దమ్మా" అన్నాడు. ఆమె ఏరడం ఆపలేదు. ఎన్ని పోయాయని అడిగింది. పదకొండని చెప్పాడు. ఏది మిగిలిందని అడిగింది. జోలపాటని చెప్పాడు. అప్పుడు ఆమె నెత్తళ్ళ మీంచి తలెత్తి అతని మొహం చూసి నవ్వింది. ఊళ్ళో ప్రతి ఆడదానికీ వచ్చిన పాట ఒక్కటే మిగిల్చావన్నమాట అంది.

అతనికి నవ్వు రాలేదు. ఆమెకు జాలి వేసిందో, పాడాలని ఉబలాటం కలిగిందో నేను చెప్పలేను. రేపు పొద్దున తానే గట్టు మీదకు వస్తానంది, అన్నీ మళ్ళీ పాడతానంది. మూటలు సాయంత్రం కట్టుకుంటుందట. కాని ఒక షరతు పెట్టింది.

"ఆయేల నాచేత పాడించుకున్నావు, నీ పెట్టె సంచిలో ఎట్టుకుని ఎలిపోనావు. నాను ఎలగ పాడినానో నాకు తెల్దు. ఈపాలి నా పాట నాకు ఇనిపించాల."

తాతారావు తప్పకుండా వినిపిస్తానని మాట ఇచ్చాడు. దారిలో నాతో, మనిషంటే ఆమె, అన్నాడు.

బుధవారం ఎనిమిది గంటలకల్లా ఎర్రమ్మ వచ్చింది. ఇస్త్రీ చేసిన ముదురాకుపచ్చ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, మెట్లెక్కడానికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చింది. వరహాలమ్మ గారు ఆమెకు కుర్చీ చూపించి, నమస్కారం పెట్టి, పని మొత్తం తాతారావు ఒక్కడే చేస్తాడని మాతో చెప్పారు. తాను వెళ్ళి వెనక గోడ పక్కన, శబ్దం ఎంత వస్తోందో చూపించే పాత పెట్టె దగ్గర కూర్చున్నారు. ఆ పెట్టె మీద ఒక ముల్లు ఉంటుంది, మైకులోకి గొంతు వెళితే అది ఆడుతుంది. మా చోటు నుంచి అది కనపడదు.

తాతారావు కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఈసారి పీడబ్ల్యూడీ కొట్టాడు. ఎల్‌ఎస్ కొట్టాడు. ఫోల్డరు చేసి, అందులోకి వెళ్ళి, మళ్ళీ పీడబ్ల్యూడీ కొట్టి, వెళ్ళిన మాట నిజమేనని చూసుకున్నాడు. అంతా చూసుకున్నాక, రికార్డింగు కోసం వరహాలమ్మ గారు రాసిపెట్టిన కమాండు కొట్టి, ఎర్రమ్మకు తల ఊపాడు. తెర ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

ఆమె ముందుగా చేపల పాటే ఎత్తుకుంది. ఏడు నిమిషాల పాట. నేను ఆ తీరానే పుట్టి పెరిగినవాణ్ణి, అయినా ఆ రోజు విన్నట్టు ఎన్నడూ వినలేదు. వంజరం, చందువా, పండుగొప్ప ఒక్కొక్కటీ నీళ్ళలోంచి పైకి లేచినట్టు ఆ గదిలోకి వచ్చాయి. సొరచేప దగ్గరకు వచ్చేసరికి ఆమె గొంతు తగ్గించి పాడితే దమయంతి నా చెయ్యి పట్టుకుంది. పాట ముగిశాకనే కిటికీలోంచి అలల చప్పుడు మళ్ళీ మా చెవిన పడింది.

ముందుగా తాతారావు తేరుకున్నాడు. "చాలా బాగుంది పెద్దమ్మా. అద్భుతం" అన్నాడు. అతను ఎవరు పాడినా అలాగే అంటాడు. మైకు ముందు మనిషి జంకకూడదని అతను నేర్చుకున్న మర్యాద అది. ఆ రోజు మాత్రం మనసారా అన్నాడు.

ఎర్రమ్మ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"బాగుందని నువ్వంటే ఐపోద్దేటి? ఇనిపించు."

తాతారావు ఎల్‌ఎస్ కొట్టాడు. పేరు ఉంది. ఎంత పెద్ద ఫైలో చూశాడు. ఏడు నిమిషాలకు ఎంత ఉండాలో అంతా ఉంది. దాన్ని వినిపించాడు. నిశ్శబ్దం. స్పీకరు గొంతు పెంచాడు. సన్నగా ఈలలాంటి మోత. పాట ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుందని అందరం మెడలు చాపుకుని కూర్చున్నాం. పాట మొదలవలేదు. తాతారావు వంగి బల్ల కిందకు చూశాడు. మైకు తీగ సగం ఊడి వేలాడుతోంది.

అతను తీగ కొస పట్టుకుని పైకి లేచాడు. ఎర్రమ్మ ఒకసారి స్పీకరు కేసి చూసింది, ఒకసారి కిటికీ కేసి చూసింది. "అయితే ఇంతసేపూ నాను సముద్రానికి పాడినానన్నమాట" అని కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వు చూసి దమయంతి నవ్వింది, నేనూ నవ్వాను. చివరికి తాతారావుకు కూడా నవ్వొచ్చింది. ముందు రోజు నుంచి అదే మొదటిసారి. వెనక గోడ దగ్గర వరహాలమ్మ గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

టీ వచ్చింది. తీగ బిగించాడు. బిగించి ఊరుకోకుండా ఎర్రమ్మ చేత నాలుగు మాటలు అనిపించి, అవి రికార్డు చేసి, విని, అప్పుడు పాడమన్నాడు. ఆమె మళ్ళీ ఏడు నిమిషాలు పాడింది. మొదటిసారి కన్నా ఎక్కడా తగ్గలేదు. ముగిసింది. తాతారావుకు నోటిదాకా వచ్చిన మాట వచ్చినట్టే ఆగింది. ఏమీ అనకుండా పాట మొదటి నుంచి పెట్టి, బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకు జాగ్రత్తగా, కనకాంబరాలు నలక్కుండా, తగిలించాడు.

తన గొంతు తాను వినడం ఆమెకు అదే మొదలు. మొదట గాభరాగా చూసింది. తరవాత కళ్ళు మూసుకుంది. వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తూ వింది. మూడు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి తాళం ఆగిపోయింది. కళ్ళు తెరిచి చెయ్యెత్తింది.

"కానాగంత ఏటైపోనాది?"

మాకు అర్థం కాలేదు. పాట వెనక్కి జరిపించింది, మళ్ళీ వింది. కవ్వళ్ళ తరవాత కానాగంత చేపలు రావాలట. వాటిని ఒగ్గేసి పార చేపల దగ్గరకు గెంతేసిందట. పాటలో నలభై రెండు చేపలే ఉన్నాయి. మేమంతా అక్కడే ఉన్నాం, చెవులు రిక్కించి విన్నాం, ఒక్కరికీ తెలియలేదు. తెలియడానికి ఆ పాట వచ్చినవాళ్ళు ఆ గదిలో ఆమె కాక మరెవరూ లేరు. మంగళవారం పోయిన రికార్డింగులో మాత్రం కానాగంతలు ఉన్నాయా, అప్పుడూ గెంతేసిందా అన్నది ఇప్పుడు ఎవరం చెప్పలేం. అదే పోకుండా ఉండి ఉంటే, ఆదివారం నాడు ఏడు పల్లెలు వినేవి, అదే పాట అనుకునేవి, రేపు ఎవరైనా నేర్చుకుంటే నలభై రెండుతోనే నేర్చుకునేవారు.

మూడోసారి పాడింది. కానాగంత దగ్గరకు వచ్చినప్పుడు దాని పేరు కాస్త గట్టిగా పలికి తాతారావు కేసి కళ్ళెగరేసింది. వినిపించాడు. వింది. "ఇదీ పాట" అంది.

ఆ తరవాత పని చకచకా సాగింది. ఒక పాట పాడడం, అది ఉందా అని చూడడం, ఉన్నది విని చూడడం, రెండో కంప్యూటరులోకి నకలు తియ్యడం, ఆ నకలు కూడా చూడడం. మొదట్లో తాతారావు ఈ వరసను పెదాల మధ్యే గొణుక్కుంటూ చేశాడు. మధ్యాహ్నం అన్నాల వేళకు అతని వేళ్ళకే వరస వచ్చేసింది. పసుపు పాటలో దగ్గొస్తే ఎర్రమ్మ మళ్ళీ పాడింది. చేపలు ఎండబెట్టే పాటలో ఒక మాట తప్పుగా వచ్చిందని తాతారావు అనుకున్నాడు, అడిగాడు, తప్పు కాదని పాత మాటని ఆమె వివరించింది. పోయిన పదకొండూ అయ్యాక, నిషేధం రోజుల్లో తనకు గుర్తు రాని పాట ఇంకొకటి ఉందని చెప్పి అది కూడా పాడింది. కొత్త అల్లుణ్ణి ఏడిపించే పాట. అది పాడుతున్నంతసేపూ దమయంతి తల పైకెత్తలేదు. మొత్తం పదమూడు పాటలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు.

వెళ్ళేటప్పుడు తాతారావు వాటన్నిటినీ ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు. అక్కడే వినిపించి మరీ పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. పురిటి పిల్లకు మొదటి రోజు నుంచే ముత్తవ్వ గొంతు వినిపించాలట.

ఆదివారం సాయంత్రం పాటలు వేశాం. మా ఊళ్ళో ఆ గంట వలలు బాగుచేసుకునేవాళ్ళు చేతులు ఆపారని చెప్పారు. చేపల పాట అవగానే ఫోన్లు మొదలయ్యాయి. ఒక పెద్దాయన ఫోన్ చేసి, పండుగొప్పను చందువా కన్నా ముందు చెప్పాలి, వెనక చెప్పారేమిటని పోట్లాడాడు. ఆయన పోట్లాటను కూడా తాతారావు సంతోషంగా రికార్డు చేసి, విని, దాచాడు. పారాదీప్ నుంచి ఎర్రమ్మ ఫోన్ చేసి మనవరాలికి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. రేడియోలో పాట ఎలా వచ్చిందని అడగలేదు. ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు.

మర్నాడు పాఠం ఉంది. వరహాలమ్మ గారు బోర్డు మీద, ఒక ఫైలులో ఉన్నది తెర మీద చదివి చూపించే కమాండు రాశారు. తాతారావు అది నోట్సులో రాసుకుని, కలం మూత పెట్టాడు. ఆ బుధవారం మొదటి పాటకు ఆ ముల్లు కదలకపోవడం ఆమె చూసే ఉంటారని, చూసీ ఊరుకున్నారని నాకు అనుమానం. అతనికీ ఆ అనుమానమే ఉందనుకుంటాను, ఎందుకంటే వెనక గోడ దగ్గరున్న పెట్టె కేసి ఒకసారి చూసి, తరవాత ఆమె కేసి చూశాడు.

"అయితే అమ్మా, పనయ్యాక ఈ యంత్రం ఏమీ అనకపోవడమే మంచిదంటారా?" అని అడిగాడు.

వరహాలమ్మ గారు చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు.

"నేనేమీ అనలేదు" అన్నారు.